రెండో బెజ్జం

ఈమధ్య కొన్న బండితో నాకొక ఇబ్బంది ఉంది. సైడు స్టాండు వేసి ఉంటే అది స్టార్ట్ కాదు. పొద్దున కాలేజీకి ఆలస్యమై, ఒక భుజానికి బ్యాగు, ఒక చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకొని బటన్ నొక్కుతాను. పలకదు. మళ్లీ నొక్కుతాను. ఎదురింటాయన పేపరు పక్కకు పెట్టి మరీ చూస్తుంటాడు. చివరికి కిందికి చూస్తే స్టాండు. మెకానికల్‌లో ఎం.టెక్. చేసినవాడికి స్టాండు తీయమని బండి గుర్తుచేయడం, మర్యాదగా చెప్పాలంటే, కొంచెం ఎక్కువ.

పోయిన నెల నిజామాబాద్ బస్టాండు వెనక మెకానిక్ దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. అతను చేతిలో స్పానరు కూడా కింద పెట్టలేదు.

"గదేముంది సార్, వైరు కట్ చేసి జాయింట్ కొడ్త. రెండు నిమిషాల పని. అందరు చేపిచ్చుకుంటుండ్రు. స్టాండు ఏసున్నా గుర్రం లెక్క ఉరుకుతది."

అవునని గానీ కాదని గానీ అనకుండా బండి తోసుకుంటూ బయటికొచ్చాను. "పైసలడుగుతననుకున్నరా సార్? ఉత్తగనే చేస్త," అని వెనకనుంచి అంటున్నాడు. పాపం మంచివాడు. నేనూ ఒకప్పుడు అట్లాంటి మంచివాణ్ణే.

ఏడేళ్లుగా నా దగ్గర ఒక బరువుంది. చూపించమంటే చూపించలేను. అది ఇనుప పట్టీకి కొట్టిన ఒక బెజ్జం. చిటికెన వేలు కూడా దూరదు. అందులో ఏమీ లేదు, గాలి తప్ప. అయినా ఈ ఏడేళ్లలో నేను ఎక్కడ కూర్చున్నా, పెళ్లి భోజనాల బంతిలోనైనా, పరీక్ష హాలులోనైనా, అది నా ఒళ్లో కూర్చుంటూ వచ్చింది. నా భార్యకు చెప్పలేదు. తోటి లెక్చరర్లకు చెప్పలేదు. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీ ముఖం నాకు కనపడదు. నా పేరు మీకు అక్కర్లేదు. మిగతావాళ్ల పేర్లు కూడా మార్చాను.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాను. నా గదిలో గోడకొక ఫోటో ఉంది. సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి, అరువు కోటు వేసుకున్న నేను, ఇద్దరి చేతుల మధ్య ఒక ఇత్తడి జ్ఞాపిక. దాని మీద చాచిన అరచెయ్యి బొమ్మ ఉంటుంది, ఐదు వేళ్లతో. తయారుచేసిన వాళ్లకు ఏం తెలుసు? వాళ్ల తప్పేం లేదు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు రైతులు కొందరు వరికి మళ్లారు. కొందరు గానుగలు పెట్టుకొని బెల్లం వండడం మొదలుపెట్టారు. గానుగ అనగానే ఎద్దుల్ని ఊహించుకోకండి. డీజిల్ ఇంజను, బెల్టు, మూడు ఇనుప రోలర్లు. ముందు ఒక మనిషి కూర్చుని చెరకు గడలను రోలర్ల మధ్యకు తోస్తూ ఉండాలి. ఆ మనిషి ఎక్కువగా ఆడమనిషే. రసం పక్కనున్న పెద్ద పెనంలోకి పోతుంది. పెనం కింద మంట ఎత్తుకున్నాక గానుగ ఆపకూడదు. రసం రావడం ఆగితే పాకం చెడుతుంది, వండేవాడు అందరినీ కలిపి తిడతాడు. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్లకు మొదటి భయం గానుగ ఆగడం. చెయ్యి పోవడం రెండో భయం. ఈ వరుస నేను పెట్టింది కాదు. కానీ దాన్ని బాగా వాడుకున్నాను.

పోశెట్టి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినవాడు. అది మూతపడ్డాక బోధన్‌లోనే వర్ని రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో వెల్డింగ్ దుకాణం పెట్టుకున్నాడు. మా విద్యార్థులు కంప్యూటర్లో అందంగా గీసిన ప్రాజెక్టులను నేల మీద నిలబెట్టేది అతనే. నిజం చెప్పాలంటే మా కాలేజీలో చాలామందికి డిగ్రీ ఇచ్చింది అతనే. పట్టాల మీద మాత్రం వేరేవాళ్ల సంతకాలుంటాయి.

అట్లా ఒక ప్రాజెక్టు పని మీద పోయినప్పుడు షెడ్డు మూలన ఒక వస్తువు కనపడింది. పాత మంచం పైపు, స్కూటర్ బ్రేక్ వైరు, ఒక స్ప్రింగు. ఏందన్నా ఇది అంటే పోశెట్టి కొంచెం సిగ్గుపడ్డాడు. గానుగకు బిగించేదట. రోలర్ల ముందు అడ్డంగా ఒక కడ్డీ. దాని కింద చెరకు పట్టేంత సందు మాత్రమే ఉంటుంది. గడతో పాటు చెయ్యి వస్తే వేళ్ల గణుపులు కడ్డీకి తగులుతాయి. కడ్డీ కదిలితే వైరు లాగుతుంది, బెల్టు వదులవుతుంది, రోలర్లు ఆగిపోతాయి. కడ్డీని దాని చోట నిలబెట్టేది ఆ స్ప్రింగు. స్ప్రింగు కొసను ఒక ఇనుప పట్టీకి ఉన్న బెజ్జంలో తగిలిస్తారు. బెజ్జం దగ్గరగా ఉంటే స్ప్రింగు మెత్తగా ఉంటుంది, కడ్డీ కొద్దిగా తగిలినా కదులుతుంది. బెజ్జం దూరంగా ఉంటే స్ప్రింగు సాగి బిగుసుకుంటుంది, గట్టిగా నెడితే తప్ప కదలదు. పోశెట్టి పెట్టింది ఒకటే బెజ్జం, దగ్గరిది. మొత్తం కలిపి ఒక మంచి చెప్పుల జత ఖర్చు.

"మా మేనత్త చెయ్యి గానుగల పోంగ సూసిన సార్, చిన్నగున్నప్పుడు," అన్నాడు. "ఆమె ఒర్రలేదు. మేమే ఒర్రినం."

ఆ అరుపుల గురించి నేనేమీ అడగలేదు. నా తలలో అప్పటికే ఒక దరఖాస్తు ఫారం తెరుచుకుంది.

ఏటా కొత్త ఆవిష్కరణలకు అవార్డులిచ్చే సంస్థ ఒకటుంది. ఫారం ఇంగ్లీషులో ఉంది. 'ఆవిష్కర్త' అనే గడి పెద్దది. 'సహకారం' అనే గడి కింద చిన్నగా ఉంది. పెద్ద గడిలో నా పేరు రాశాను. చిన్న గడిలో 'స్థానిక వెల్డర్' అని రాశాను. పేరు కూడా రాయలేదు. గడి చాలదనుకున్నాను. పోశెట్టి అనే మూడు అక్షరాలు పట్టని గడులు ఉండవని ఇప్పుడు తెలుసు.

చూశారా, దీన్ని ఎంత సులభంగా ఒప్పుకున్నానో. దొంగతనాన్ని దొంగతనమని చెప్పగలిగాను. ఎందుకంటే నన్ను తినేది ఇది కాదు. ఇట్లాంటి వాటితో మనిషి బతకగలడు. నాకు తెలిసిన కొందరు పదోన్నతులు కూడా పొందారు.

న్యాయనిర్ణేతలు వచ్చి చూస్తామన్నారు. బోధన్ దగ్గర తెలిసినవాళ్ల గానుగకు కడ్డీ బిగించి ముందురోజు నడిపి చూశాం. ప్రతి పది నిమిషాలకూ ఆగింది. చెరకాకు కట్ట తగిలితే ఆగింది. వంకర గడ వస్తే ఆగింది. బెల్లం వండేవాడు గరిటె పట్టుకొని పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చాడు.

"గిది గానుగనా, పల్లె బస్సా? చెయ్యెత్తినోని కాడల్ల ఆగుతున్నది," అన్నాడు.

అందరూ నవ్వారు. పోశెట్టి నవ్వలేదు. "ఉత్తగ పదిసార్లు ఆగనియ్యి. ఒక్కసారి ఆగకుంటే ఏం జేద్దాం?" అన్నాడు. వండేవాడికి చెప్పాడు గానీ నాకూ వినపడింది. నాకు స్పష్టంగా వినపడిందని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మర్నాడు రావద్దని పోశెట్టికి చెప్పాను. వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారు, నువ్వు పని చెడగొట్టుకోకన్నా అన్నాను. అతను సరే అన్నాడు. వాళ్లకు చాయ పోయించండి సార్ అని కూడా అన్నాడు. పొద్దున్నే నేను ముందుగా పోయాను. కాలేజీ నుంచి తెచ్చిన చేతి డ్రిల్లుతో, పోశెట్టి పెట్టిన బెజ్జానికి రెండు వేళ్ల దూరంలో ఇంకో బెజ్జం కొట్టాను. డ్రిల్లు పట్టి నాకు అంత అలవాటు లేదు. కొంచెం వంకర పోయింది. స్ప్రింగును సాగదీసి కొత్త బెజ్జంలో తగిలించాను.

గానుగ ఒక్కసారి కూడా ఆగలేదు. చూపించాల్సిన సమయంలో నేనే ఒక లావు గడతో కడ్డీని గట్టిగా నెట్టాను, ఆగింది. వాళ్లు తలలూపారు. ఫోటోలు తీసుకున్నారు. వేడి బెల్లం ఆకుల్లో పెట్టి ఇచ్చారు, తిన్నాం. వాళ్ల కారు వెళ్లిపోయాక స్ప్రింగును మళ్లీ పాత బెజ్జంలోకి మార్చాలనుకున్నాను. మర్చిపోయాను.

'మర్చిపోయాను' అని రాసి, ఆ మాటను చాలాసేపు చూశాను. మర్చిపోయానా? పాకం చూస్తూ నిలబడ్డాను, చేతులకంటిన బెల్లం కడుక్కున్నాను, పట్టీ వైపు చూశాను. రేపు మళ్లీ ఎవరైనా చూడ్డానికొస్తే అనుకున్నాను. ఆ పూట బాగా నడుస్తున్నదాన్ని చెడగొట్టడం ఎందుకు అనుకున్నాను. ఇన్ని అనుకున్నవాడు మర్చిపోయినట్టు ఎట్లా అవుతుంది?

తర్వాత వాళ్లు డ్రాయింగు అడిగారు. ఫోటోకు డ్రాయింగుకు తేడా ఉండకూడదు కదా. రెండో బెజ్జం ఉన్నచోట బెజ్జం గీశాను. మొదటిది గీయలేదు. కింద మూలన సంతకం పెట్టాను.

హైదరాబాద్‌లో సభ. ఆ ఏడు మొదటి బహుమతి లీటరు పెట్రోలుతో నమ్మలేనంత దూరం పోయే కారుకు వచ్చింది. దాన్ని నడిపేవాడు వెల్లకిలా పడుకోవాలి, సన్నగా కూడా ఉండాలి. తయారుచేసిన పిల్లల్లో ఒక్క అమ్మాయే అందులో పట్టేది. ఆ అమ్మాయి ఇంకో ఏడాది వరకు లావు కాకూడదని మిగతావాళ్లు కాపలా కాస్తున్నారట. చిన్న ఖర్చుతో మనుషులకు మేలు చేసే పరికరాల విభాగంలో నాకు ఇచ్చారు. వేదిక మీద పెద్దాయన నా చెవి దగ్గరికి వంగి, ఎన్ని చేతులు కాపాడారండీ అన్నాడు. అప్పటికి ఒక్కటి కూడా లేదు. నేను వినయంగా నవ్వాను. వినయం చాలా పనికొచ్చే వస్తువు, సమాధానం లేని చోట.

ఆ సంస్థే బోధన్ వైపు కొన్ని గానుగలకు కడ్డీలు బిగించడానికి సాయం చేస్తామంది. పని పోశెట్టికే ఇప్పించాను. అది నేను చేసిన మంచి అనుకున్నాను. డ్రాయింగు పట్టుకొని షెడ్డుకు పోయాను. ఏడేళ్లలో ఈ మాటలు ఒక్కటి కూడా చెదరకుండా నాకు గుర్తున్నాయి.

పోశెట్టి చేతులు తుడుచుకొని కాగితం తీసుకున్నాడు. వెలుతురులోకి పట్టి చూశాడు.

"సార్, స్ప్రింగు గీడికెట్ల పోయింది? నేను పెట్టిన హోలు గిది కాదు గదా."

"జడ్జీలు ఖాయం చేసిందన్నా. వాళ్లు లెక్కలు కట్టి చూసిండ్రు."

"బిగుసుకుంటది సార్. చెయ్యి నూకితె జల్ది కదలది."

"అంతేం బిగుసుకోదు. నడిపి చూసిండ్రు."

"మీరు సూసిండ్రా?"

"చూసిన."

అతను కాగితం మూలకు వేలు పెట్టాడు. "సంతకం మీదేనా?"

"నాదే."

"ఐతె మంచిది."

ఆ 'ఐతె మంచిది' మీకు అర్థం కావాలంటే అతను పెరిగిన పద్ధతి తెలియాలి. ఫ్యాక్టరీలో ఫిట్టరుకు కాగితం మీద సంతకమే దేవుడు. సంతకం ఉన్న కాగితం ప్రకారం చేశాక ఏదన్నా చెడితే అది కాగితం తప్పు. సొంత తెలివి పెట్టి చేశాక చెడితే ఫిట్టరు తప్పు. ఈ సంగతి అతనే నాకు చాలాసార్లు, గర్వంగా చెప్పాడు. ఎంత పనితనం ఉన్నా కాగితాన్ని దాటని మనిషి. నాకు అది తెలుసు. తెలిసే కాగితం అతని చేతిలో పెట్టాను. అతని చేతులకు తెలిసిన సంగతిని నా సంతకంతో నోరు మూయించాను.

ఆ సీజన్ సగం గడిచాక ఒక మధ్యాహ్నం పరీక్ష హాలులో ఉండగా ఫోను వచ్చింది. చందూర్ దాటినాక ఒక ఊళ్లో గానుగ. చెరకు పెట్టే ఆమె సాయవ్వ. కుడిచెయ్యి. బొటనవేలు మిగిలింది, మిగతా నాలుగూ పోయాయి. కడ్డీ కదిలిందట, రోలర్లు ఆగాయట, కానీ ఆలస్యంగా. ఫోను పెట్టేశాక నేను ఏం చేశానో తెలుసా? కాపీ కొడుతున్న ఒక అబ్బాయిని పట్టుకొని బయటికి పంపాను. నియమాలంటే నియమాలే అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. విన్నాను కూడా.

సాయవ్వ చెరకు సీజన్ లేని నెలల్లో బీడీలు చుట్టేది. అక్కడి ఆడవాళ్లలో చాలామంది అంతే. ఒళ్లో చాట పెట్టుకొని కూర్చుంటే పక్కామె ఒకటి చుట్టేలోపు ఆమె రెండు చుట్టేదని చెప్పుకునేవాళ్లు. బీడీ చుట్టడం అంటే వేళ్లు. ఇంకేం లేదు అందులో. ఆకు పట్టేది వేళ్లు, మడిచేది వేళ్లు, దారం కట్టేది వేళ్లు. నేను ఆస్పత్రికి పోయాను. వార్డు బయట చాలాసేపు నిలబడ్డాను. తీసుకుపోయిన సంత్రా పండ్లు పక్కనున్న ఎవరో ముసలాయనకు ఇచ్చేసి వచ్చాను. ఆయన నన్ను దీవించాడు.

మర్నాడు కాలేజీ ల్యాబులో తలుపు దగ్గరికి వేసుకొని పరీక్ష చేశాను. మా దగ్గర చిన్న నమూనా గానుగ ఉంది. చెయ్యికి బదులు బీరకాయ పెట్టాను. నవ్వొస్తే నవ్వండి, నాకూ మొదట నవ్వే వచ్చింది. పోశెట్టి బెజ్జంలో స్ప్రింగు పెట్టినప్పుడు బీరకాయ కొస మాత్రం నలిగింది. నా బెజ్జంలో పెట్టినప్పుడు సగం కాయ పోయింది. ఇంకో కాయతో చేశాను. మళ్లీ సగం. మూడో కాయ తీసుకొని మళ్లీ కింద పెట్టేశాను. మిగిలిన ముక్కల్ని ల్యాబు చెత్తబుట్టలో వేయకుండా కవర్లో చుట్టి ఇంటికి తీసుకుపోయాను, ఎవరూ చూడకూడదని. ఆ రోజు నుంచి మా ఇంట్లో బీరకాయ కూర వండరు. నాకు పడదని మా ఆవిడ అనుకుంటుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదానికి నాకు తెలియదు అనే సాకు లేదు. బీరకాయ సాక్షి.

నాలుగు రోజుల తర్వాత ఆ ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు. పోశెట్టిని పిలిపించారు. అగ్గువ నాసి సామాను వాడిండు, లూజుగా బిగించిండు అని గానుగాయన అంటున్నాడు. సాయవ్వ కొడుకు చేతులు కట్టుకొని పోశెట్టినే చూస్తున్నాడు. నన్ను చదువుకున్నవాడిగా, తయారుచేసినవాడిగా పిలిచారు. నాకు కుర్చీ వేశారు. పోశెట్టి నిలబడే ఉన్నాడు.

"సార్, మీరు చెప్పుండ్రి," అన్నాడు ఒక పెద్దమనిషి. "లెక్క ప్రకారం గిది ఆగాల్నా, వద్దా?"

నేను అన్నమాట ఇది. "డిజైన్ ప్రకారమైతే ఆగాలి. బిగింపులో ఏమన్నా తేడా ఉండొచ్చు."

ఉండొచ్చు. నేను అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకోవడానికి ఆ ఒక్క 'ఉండొచ్చు' సరిపోయింది. ఎంత మర్యాద గల మాట అది. ఎవరినీ వేలెత్తి చూపదు. కానీ ఆ చోట ఉన్న తలలన్నీ ఒకేసారి పోశెట్టి వైపు తిరిగాయి. అతను నా వైపు చూశాడు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన డ్రాయింగు కొస కనపడుతోంది. నా సంతకం ఉన్న కాగితం. తీసి చూపిస్తే నేను కుర్చీలోంచి లేవాల్సి వచ్చేది. నేను ఊపిరి పట్టుకొని ఎదురుచూశాను. అతను తీయలేదు. జేబు మీద చెయ్యి కూడా పెట్టలేదు. తలవంచుకొని నిలబడ్డాడు.

ఎందుకు తీయలేదు? ఏడేళ్లు ఇదే అడుక్కున్నాను. నా మీద గౌరవమా? భయమా? పని మళ్లీ ఇప్పిస్తానని ఆశా? ఒక్కో ఏడాది ఒక్కో జవాబు నమ్మాను. అన్ని జవాబుల్లోనూ అతను నన్ను కాపాడుతున్నాడు. మనిషికి తన గురించి ఎంత నమ్మకం ఉంటుందో చూడండి.

ఆ సీజన్ తర్వాత గానుగల వాళ్లెవరూ పోశెట్టి షెడ్డు తొక్కలేదు. బిగించిన కడ్డీలన్నీ అతనితోనే విప్పించారు. నేను బెజ్జం కొట్టిన మొదటిది కూడా. పాత ఇనుము కొనేవాడికి అన్నీ ఇచ్చేశారని విన్నరోజు నా గుండెలోంచి పెద్ద రాయి దిగినట్టయింది. ఆ గానుగల ముందు కూర్చునే ఆడవాళ్లకు ఇప్పుడు చెడ్డ కడ్డీ కూడా లేదు అన్న సంగతి చాన్నాళ్ల తర్వాత తట్టింది.

రెండు నెలల కింద ఆ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడు అదే విభాగానికి నన్ను న్యాయనిర్ణేతగా ఉండమన్నారు. ఒప్పుకుంటానని ఫోనులో చెప్పేశాను కూడా. తర్వాత బండి, మెకానిక్, వైరు కట్ చేస్తానన్న మాట. ఆ మాట అతను ఎంత ప్రేమగా అన్నాడు. నేనూ గానుగ ముందు అంత ప్రేమగానే డ్రిల్లు పట్టాను. అందరికీ పని ఆగకుండా జరగాలనే కదా.

పోయిన ఆదివారం బోధన్ పోయాను.

షెడ్డు ఉంది. బోర్డు లేదు. పోశెట్టి కూలర్ స్టాండు ఒకటి పక్కకు పెట్టుకొని ఏదో చిన్న రేకు ముక్కను ఆకురాయితో రాస్తున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. చాయ చెప్పాడు. ఏడేళ్లుగా రానివాణ్ణి నిన్న వచ్చి పోయినవాడిలాగా పలకరించాడు.

అతని చేతిలో ఉన్నది చూసి, అలవాటు కొద్దీ, ఏందన్నా ఇది అన్నాను.

"సాయవ్వది సార్. చాటకు పెట్టుకుంటది. కొస అరిగిందని పంపింది."

చూపించాడు. చాట అంచుకు బిగించే చిన్న రేకు దవడ. బీడీ ఆకును అది పట్టుకుంటుంది. ఎడమచేత్తో మడిచి, మిగిలిన బొటనవేలితో నొక్కి పెడితే, దారం చుట్టుకోవడానికి ఒక కొక్కెం ఉంది. పాత గొడుగు కమ్మీలతో చేశాడు. ఆమె మళ్లీ చుడుతోందట. మునుపటంత కాదు గానీ చుడుతోంది. ఐదేళ్లుగా.

ఇప్పుడు నేను చెప్పబోయేది అన్నిటికన్నా చెప్పలేనిది. ఆ రేకు ముక్కను అరచేతిలో పెట్టుకొని చూస్తున్నప్పుడు నా మనసులోకి మొదట వచ్చిన మాట అయ్యో కాదు. సాయవ్వ పేరు కాదు. దీనికి ఈ ఏడు అవార్డు తప్పకుండా వస్తుంది అని. ఆ మాట ముందు వచ్చింది. సిగ్గు దాని వెనక వచ్చింది, నడుచుకుంటూ. నేను దాన్ని అతని చేతిలో పెట్టేశాను. వేడి వస్తువును పెట్టినట్టు పెట్టాను.

అప్పుడు చెప్పాను. డ్రిల్లు, వంకర బెజ్జం, జడ్జీలు ఖాయం చేశారన్న అబద్ధం, బీరకాయలు, అన్నీ. నేల వైపు చూస్తూ చెప్పాను. అతను రేకు అరగదీయడం ఆపలేదు. ఆకురాయి చప్పుడు మధ్యలో నా గొంతు నాకే సన్నగా వినపడింది.

"ఎరికే సార్," అన్నాడు.

ఏం తెలుసన్నా, అన్నాను.

"కడ్డీలు ఇప్పేటప్పుడు మీ మొదటి దాని పట్టీకి రెండు హోల్లు కనవడ్డయి. ఒకటి నాది. ఇంకోటి వంకరుండె. చేతి డ్రిల్లుతోని కొట్టింది. జడ్జీలు డ్రిల్లు వట్టరు గదా సార్."

ఏడేళ్లు. నేను దాచిపెట్టింది ఏడేళ్లుగా అతని దగ్గరే ఉంది. పక్కనున్న కూలర్ స్టాండు మీద కూర్చున్నాను. మరి ఊరికి పోయి ఎందుకు చెప్పలేదన్నా అన్నాను. పెద్దమనుషుల ముందే కాగితమన్నా ఎందుకు తీయలేదు?

"తీసి ఏమనాలె? బిగుసుకుంటదని నాకు తెలుస్తనే ఉండె. తెలిసి తగిలిచ్చిన. సంతకం మీదైతే ఏంది, తగిలిచ్చిన చేతులు నావి." ఆకురాయి మీది ఇనుప పొడి ఊదుకున్నాడు. "సాయవ్వకు గిదే చెప్పిన, పోయి. ఏడాది దాంక తిట్టింది. తర్వాత చాట పంపింది."

అతను నన్ను కాపాడలేదు. ఒక్కరోజు కూడా. ఆ రోజు తలవంచుకొని నిలబడ్డప్పుడు అతని మనసులో నేను లేనే లేను. మా మేనత్త అని చెప్పినవాడు, పదిసార్లు ఆగనియ్యి అన్నవాడు, ఒక్కసారి ఒక సంతకానికి తల ఒంచినందుకు తనకు తాను శిక్ష వేసుకొని నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చుని ఆ తల వంపును నాకు చేసిన మర్యాద అనుకున్నాను.

సంస్థకు ఉత్తరం రాశాను. న్యాయనిర్ణేతగా రానని, ఆ గడిలో ఎవరి పేరు ఉండాలో, డ్రాయింగులో ఏం తప్పో. ఇంకా జవాబు రాలేదు. సాయవ్వ దగ్గరికి ఇంకా పోలేదు. చందూర్ దాకా పోయి వెనక్కి వచ్చాను, ఒకసారి. ఇదీ ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ ఆదివారం షెడ్డులో ఇవేవీ లేవు. ఒకే ఒక్క మాట ఉంది నా దగ్గర, అది అనేశాను. లేదన్నా, తప్పు మొత్తం నాదే, నువ్వు చేసిందేం లేదు ఇందులో అన్నాను. అనగానే, దాచడం ఎందుకు, హాయిగా అనిపించింది. ఏళ్ల తర్వాత ఊపిరి కడుపు దాకా పోయింది. క్షమించమని అడగలేదు, అతను ఇవ్వనూ లేదు. అయినా ఒళ్లోంచి ఏదో దిగింది.

పోశెట్టి ఆకురాయి కింద పెట్టాడు. నేను వచ్చినప్పటి నుంచి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"అవార్డు మొత్తం మీదే అంటిరి. గిప్పుడు తప్పు గూడ మొత్తం మీదే అంటుండ్రు. మరి ఇందుల నేనెవణ్ణి సార్?"